రష్యా గోధుమ : కొనే దేశం అమ్మే దేశమైన వైనం
నల్లసముద్రం ధరలు గమనించే వర్తకులు తెలుసుకోదగిన పూర్వాపరాలు

ప్రపంచ గోధుమ బజారులో తేజీ మందీలకు కారణం వెదికేవారు మొదట వానలనూ, పంట అంచనాలనూ చూస్తారు. రష్యా సరుకు విషయంలో అది చాలదు. అక్కడ పంట ఎంత పండిందన్నది సగం లెక్క మాత్రమే. ప్రభుత్వం దాన్ని బయటికి వదులుతుందా, వదిలితే ఓడలు జలసంధి దాటగలవా అన్నది మిగతా సగం. గత రెండున్నర శతాబ్దాల చరిత్ర ఇదే చెబుతున్నది.

జలసంధి తాళం

రష్యా దక్షిణ మైదానాల ధాన్యానికి సముద్ర మార్గం ఒక్కటే. నల్లసముద్రం నుంచి బాస్ఫరస్, డార్డనెల్స్ జలసంధుల గుండా మధ్యధరా సముద్రంలోకి రావాలి. ఆ తాళంచెవి టర్కీ చేతిలో ఉంది. 1774 నాటి సంధితో రష్యా వర్తక నౌకలకు ఆ దారి దొరికింది. 1794లో ఒడెస్సా రేవు వెలిసింది. పంతొమ్మిదో శతాబ్దంలో అది గోధుమ వ్యాపారానికి ప్రధాన కేంద్రమైంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రష్యా సామ్రాజ్యం ప్రపంచంలోని అతి పెద్ద ధాన్య ఎగుమతి దేశాలలో ఒకటి.

అయితే 1914లో టర్కీ జలసంధిని మూసివేయడంతో ఆ ఎగుమతులు స్తంభించాయి. ఇప్పుడు ఆ దారిలో రాకపోకలకు ఆధారం 1936 నాటి మాంట్రో ఒడంబడిక. శాంతి కాలంలో వర్తక నౌకలకు స్వేచ్ఛ, యుద్ధ నౌకలపై టర్కీకి అదుపు, ఇదీ దాని సారాంశం.

సమష్టి సేద్యం తెచ్చిన లోటు

విప్లవం తరువాత స్టాలిన్ ప్రభుత్వం యంత్రాల కొనుగోలుకు ధాన్యం అమ్మింది. సమష్టి సేద్యం పేరిట రైతుల వద్ద నుంచి బలవంతపు సేకరణ జరిగింది. 1932-33లో ఉక్రెయిన్, కజఖ్‌స్థాన్ ప్రాంతాలలో లక్షలాది జనం ఆకలితో చనిపోతున్నప్పుడు కూడా ఎగుమతులు తగ్గాయే కాని పూర్తిగా ఆగలేదు. ఆ గాయం నేటికీ రష్యా, ఉక్రెయిన్ సంబంధాలలో మానలేదు.

1954లో కృశ్చేవ్ కజఖ్‌స్థాన్ బీడు భూములను దున్నించాడు. మొదట దిగుబడి బాగానే వచ్చినా, 1963లో పంట దెబ్బతిని సోవియట్ యూనియన్ కెనడా, అమెరికాల నుంచి భారీగా గోధుమ కొనవలసి వచ్చింది. ఒకనాడు ప్రపంచానికి అమ్మిన దేశం కొనే దేశంగా మారింది.

1972 బేరం

వర్తకులు మరువకూడని ఏడాది 1972. ఆ వేసవిలో సోవియట్ కొనుగోలుదార్లు అమెరికా వెళ్లి, అక్కడి పెద్ద ధాన్య కంపెనీలతో విడివిడిగా, గుట్టుగా బేరాలు కుదుర్చుకున్నారు. ఒక కంపెనీ ఎంత అమ్మిందో మరొక కంపెనీకి తెలియదు. మొత్తం కొనుగోలు గోధుమ ఒక్కటే కోటి టన్నులు దాటింది. పైగా అమెరికా ప్రభుత్వం ఎగుమతిదార్లకు సబ్సిడీ ఇస్తూ ధరను బుషెలు సుమారు 1.60 డాలర్ల వద్ద నిలిపి ఉంచింది. అంటే కొన్నవారికి చౌక, అమ్మినవారికి నష్టం లేదు, భారమంతా అమెరికా ఖజానాది. సంగతి బయటపడేసరికి నిల్వలు తరిగిపోయాయి. 1973 ఆగస్టుకు ధర రెండింతలు దాటింది.

ఆ దెబ్బతో అమెరికా ఒక నిబంధన తెచ్చింది. ఒకే దేశానికి ఒక్క రోజులో లక్ష టన్నులు, ఆపైన గోధుమ అమ్మిన ఎగుమతిదారు మర్నాటికల్లా ప్రభుత్వానికి తెలియజేయాలి. నేడు వార్తలలో కనిపించే అమెరికా ఎగుమతి అమ్మకాల ప్రకటనలకు మూలం ఇదే. 1973లో కరువు కోరల్లో ఉన్న మన దేశానికి సోవియట్ యూనియన్ 20 లక్షల టన్నుల ధాన్యం అప్పుగా ఇచ్చిన సంగతి కూడా ఇక్కడ గమనించదగినది.

చమురుతో ముడి

అఫ్ఘనిస్థాన్‌లోకి సోవియట్ సేనలు ప్రవేశించినందుకు 1980 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ 1.7 కోట్ల టన్నుల ధాన్యం అమ్మకాన్ని నిలిపివేశాడు. అర్జెంటీనా వంటి దేశాలు ఆ లోటును చాలావరకు పూరించాయి. అమెరికా రైతు నష్టపోయాడు. 1981 ఏప్రిల్‌లో రీగన్ ఆ నిషేధం ఎత్తివేశాడు. ఒక దేశం అమ్మనంటే మరో దేశం అమ్ముతుందన్నది ఆనాటి పాఠం.

1984-85లో సోవియట్ ధాన్యం దిగుమతులు 5 కోట్ల టన్నులు మించాయి. వీటికి డబ్బు చమురు అమ్మకాల నుంచి వచ్చేది. 1985లో పీపా 27 డాలర్ల దరిదాపుల్లో ఉన్న చమురు ధర 1986లో ఒక దశలో 10 డాలర్లకు పడిపోవడంతో విదేశీ మారకం కరువైంది. 1991లో ఆ దేశమే విచ్ఛిన్నమైంది. రూపాయి చెల్లింపుల మీద నడిచిన మన గుంటూరు పొగాకు ఎగుమతులకు ఆనాడు తగిలిన దెబ్బ ఇక్కడి వ్యాపారులకు తెలిసిందే.

మళ్లీ అమ్మకందారు

1991 తరువాత రష్యాలో పశువుల సంఖ్య పదేళ్లలో సుమారు సగానికి తగ్గింది. మాంసం దిగుమతి చేసుకోసాగారు. దాణా అవసరం తగ్గి ధాన్యం మిగిలింది. దానికి తోడు నల్లసముద్ర రేవులలో కొత్త గిడ్డంగులు, ఎత్తుబడి సౌకర్యాలు వచ్చాయి. 2000 దశాబ్దం మొదట్లోనే రష్యా ఎగుమతి దేశమైంది. 2010 దశాబ్దం రెండో సగానికి గోధుమ ఎగుమతులలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. నోవొరొసిస్క్ దాని ముఖ్య రేవు.

కాని అమ్మకందారు మారినా, ప్రభుత్వం చెయ్యి పైనే ఉంది. 2009లో 9.7 కోట్ల టన్నులున్న ధాన్యం పంట 2010 అనావృష్టికి 6.1 కోట్లకు పడిపోయింది. ఆగస్టు 5న నిషేధం ప్రకటించారు, 15 నుంచి అమలు చేశారు. అంటే గడువు పది రోజులు. అప్పటికే కుదిరిన బేరాల సరుకు కూడా ఆగిపోయింది. ముఖ్య కొనుగోలుదారైన ఈజిప్టు వేరే దేశాల నుంచి ఎక్కువ ధర పెట్టి తెచ్చుకోవలసి వచ్చింది. 2021 నుంచి ధరతో పాటు పెరిగే, తగ్గే ఎగుమతి సుంకం అమలులోకి వచ్చింది. ధర పెరిగినప్పుడు లాభంలో పెద్ద వాటా రష్యా ఖజానాకు పోతుంది.

యుద్ధం, మన నూనె బజారు

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దాడికి దిగింది. ఒడెస్సా రేవులు మూతపడ్డాయి. అప్పటిదాకా మన పొద్దుతిరుగుడు నూనె దిగుమతులలో సింహభాగం ఉక్రెయిన్‌దే, తరువాతి స్థానం రష్యాది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల వద్ద శుద్ధి కర్మాగారాలకు ముడి నూనె అందక ధరలు భగ్గుమన్నాయి. ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని ఆపడంతో తేజీ మరింత పెరిగింది. మే 13న మన ప్రభుత్వమే గోధుమ ఎగుమతిని నిషేధించింది.

జూలై 22న ఇస్తాంబుల్‌లో టర్కీ, ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంతో ఒప్పందం కుదిరి ఉక్రెయిన్ ఓడలకు దారి దొరికింది. దాని కింద సుమారు 3.3 కోట్ల టన్నుల సరుకు కదిలింది. 2023 జూలై 17న రష్యా ఒప్పందం నుంచి తప్పుకొంది. మన దేశానికి పొద్దుతిరుగుడు నూనె అమ్మే దేశాలలో ఈలోగా రష్యా ముందుకు వచ్చింది. అయితే పాత రూపాయి చిక్కు మళ్లీ ఎదురైంది. మన బ్యాంకులలో కోట్ల కొద్దీ రూపాయలు పోగుపడి, వాటిని వాడుకోలేకపోతున్నామని 2023 మేలో రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ బహిరంగంగానే చెప్పాడు.

వర్తకులు గమనించవలసినవి

పై చరిత్రను బట్టి నల్లసముద్రం సరుకుపై ఫార్వర్డ్ బేరానికి దిగేవారు నాలుగు సంగతులు చూసుకోవాలి. రష్యా ఎగుమతి సుంకం, కోటా ప్రకటనలు మొదటిది. జలసంధి విషయంలో టర్కీ వైఖరి రెండోది. ఓడ కిరాయి, యుద్ధ బీమా రేట్లు మూడోది. చెల్లింపు ఏ కరెన్సీలో, ఏ బ్యాంకు ద్వారా అన్నది నాలుగోది. వీటిలో ఏ ఒక్కటి తిరగబడినా, ఎంత చౌకగా కొన్న సరుకైనా ఖరీదుగానే తేలుతుంది. ప్రభుత్వ ఆజ్ఞతో సరుకు ఆగితే నష్టం ఎవరిదో చెప్పే షరతు కాంట్రాక్టులో స్పష్టంగా ఉండాలి. పది రోజుల గడువుతో నిషేధం వచ్చినప్పుడు కొనుగోలుదారును ఆదుకునేది ఆ షరతే.