కడలిమీది చూపు, ఇంటిలోని కలత

పెందుర్తి రైల్వే స్టేషనులో ఒక పూట నిలిచి చూచువారికి, కొత్తవలస వైపునుండి వచ్చు గూడ్సుబండ్లు ఇనుపఖనిజమును మోసికొని విశాఖ రేవునకు సాగిపోవు దృశ్యము కనబడును. బైలాడిల్లా కొండలలో త్రవ్విన ఆ ఖనిజమును జపానునకు పంపుటకై 1960 తరువాతి సంవత్సరములలో కిరండూలు రైలుమార్గము నిర్మింపబడెననియు, ఆ జపాను విమానములే 1942 ఏప్రిల్ 6వ తేదీన అదే రేవుమీద బాంబులు విడిచినవనియు ఒక్కమారుగా జ్ఞప్తికి తెచ్చుకొన్నవానికి, శత్రువు అను మాట కాలముతోబాటు ఎంత త్వరగా అర్థము మార్చుకొనునో వేరుగ బోధింపనక్కరలేదు.

ఆ 1942 నాటి సంగతి మా యింట పెద్దలు చెప్పునప్పుడు, పడిన బాంబుల లెక్కకంటె కదలిన బండ్ల లెక్కనే ఎక్కువగా చెప్పుచుండిరి. పట్టణములోని కుటుంబములు సామానులు కట్టుకొని, ముసలివారిని పసిపిల్లలను ఎడ్లబండ్ల మీద కూర్చుండబెట్టుకొని, లోపలి పల్లెలకు తరలిపోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సైతము యుద్ధకాలమున గుంటూరునకు తరలవలసివచ్చెను. తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానమును, గొప్ప రేవును, ఉక్కు కర్మాగారమును ఒడిలో నుంచుకొన్న ఈ ప్రాంతమున యుద్ధమనునది వార్తాపత్రికలోని విషయముగ నుండదు. ఎక్కడి పాలకుడు యుద్ధమను మాట పలికినను, దాని నీడ మొదట పడునది ఇట్టి ఊళ్ళ మీదనే. కావుననే, పాలకులు స్వదేశములోని అసంతృప్తినుండి ప్రజల దృష్టిని మరల్చుటకై యుద్ధభయమును లేపుదురా యను ప్రశ్నను మేము కేవలము పాండిత్యచర్చగ భావింపజాలము.

ఈ అనుమానము క్రొత్తది కాదు. ఇంటిలో ఈగల మోత, బయట పల్లకీల మోత యను సామెత మన వారికి చిరపరిచితము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున షాడ్గుణ్యమును, అనగా ఆరువిధముల రాజనీతిని, వివరించుచు, సంధివలనను విగ్రహము, అనగా యుద్ధమువలనను సమానమగు ఫలమే కలుగునప్పుడు సంధినే ఆశ్రయింపవలెననియు, విగ్రహమున జనక్షయము, ధనవ్యయము, ప్రవాసము మొదలగు కీడులు తప్పవనియు చెప్పెను. వెలుపలి ఉపద్రవముకంటె లోపలి ఉపద్రవము ఇంటిలోని పామువలె భయంకరమనియు అతడే హెచ్చరించెను. ఐతే ఆ పామునకు మందుగా పొరుగువానిపై భేరి మ్రోగింపుమని అతడు చెప్పలేదు. ప్రజలకు దారిద్ర్యము, లోభము, విరాగము కలుగు కారణములను పుట్టనీయరాదనియు, పుట్టినచో వెంటనే ప్రతీకారము చేయవలెననియు చెప్పెను. రాజనీతిలో అంత కఠినుడని పేరొందిన ఆచార్యుడు ఈ ఒక్క చోట ప్రజల కడుపును చూడుమనుట నాకెప్పుడును ఆశ్చర్యమును, గౌరవమును కలిగించుచుండును.

ఆధునికులలో జర్మను సమాజశాస్త్రవేత్త సిమ్మెల్, అతని భావములను విస్తరించి 1956లో గ్రంథము వ్రాసిన లూయిస్ కోసర్, వెలుపలి వైరము లోపలివారిని ఏకము చేయునను సూత్రమును విచారించిరి. కోసర్ చెప్పిన మెలిక యొకటి తరచుగ మరువబడుచున్నది: ఆ సమూహమున ముందే కొంతయైనను ఐకమత్యముండినగాని వెలుపలి వైరము దానిని బిగింపజాలదు, అది లేనిచో వైరమే చీలికను పెంచును. అమెరికాలో జాన్ మ్యూలర్ 1970లో అధ్యక్షుల ప్రజాదరణను పరిశీలించి, అంతర్జాతీయ సంక్షోభము రాగానే ప్రజలు పాలకుని చుట్టు చేరుదురనియు, ఆ చేరిక కాలక్రమమున కరగిపోవుననియు చూపెను. 1991లో గల్ఫు యుద్ధము ముగిసినప్పుడు గ్యాలప్ సంస్థ గణనలో నూటికి 89 మంది ఆదరణ పొందిన తండ్రి బుష్, 1992 నవంబరులో ఓడిపోయెను. ఇట్టి పరిశోధనలనన్నిటిని 1989లో సమీక్షించిన జాక్ లెవీ, చరిత్రకారులు చెప్పు దృష్టాంతములు బలముగ నున్నను, గణాంకములు మాత్రము ఒకే తీర్పు చెప్పుటలేదని గమనించెను. దీనికొక కారణము ఇటీవలి పండితులు ఊహించిరి: ఇంట చిక్కులలోనున్న పాలకుడు కయ్యమునకు కాలుదువ్వునని పొరుగువారును ఎరుగుదురు గనుక, అట్టి సమయమున వారే తగవునకు దొరకక తప్పుకొందురట.

అనుమానము ఎల్లప్పుడును నిజము కాజాలదు. 1998 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ తన వ్యక్తిగత వ్యవహారమున గ్రాండ్ జ్యూరీ యెదుట సాక్ష్యమిచ్చిన మూడవనాడు ఆఫ్ఘనిస్థాను, సూడానులపై క్షిపణులు ప్రయోగింపగా, ఇది కంటిగంతయేయని అనేకులు తలచిరి. ఐనను సెప్టెంబరు 11 దాడులను విచారించిన సంఘము, ఆ నిర్ణయమునకు దేశరక్షణయే ఆధారమని సలహాదారులు చెప్పిన వాఙ్మూలమును శంకించుటకు కారణము కనబడలేదని తేల్చెను. దీనికి విపరీతముగ అర్జెంటీనా ఉదాహరణము కలదు. 1982 మార్చి 30న అచ్చటి కార్మికులు సైనిక ప్రభుత్వమునకు ఎదురుతిరిగి రాజధాని వీధులలోనికి వచ్చి దెబ్బలు తినిరి. ఏప్రిల్ 2న సైన్యము ఫాక్లండ్ దీవులను ఆక్రమించెను. అదే రాజధానిలో జనము జయజయధ్వానములు చేసిరి. దీవులపై దాడికి సన్నాహము ఆ కార్మికుల ఊరేగింపునకు ముందే మొదలైనది. కావున మూడు దినముల వ్యవధిని మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. ఐనను, కూలిపోవుచున్న ప్రభుత్వమునకు ఆ దీవులు ఊతకర్రగ కనబడినవనుటలో నాకు సందేహము లేదు. 74 దినములలో ఆ కర్ర విరిగెను, వెంటనే సైనికాధ్యక్షుడు గాల్టియేరి పదవి పోయెను, ఇరుపక్షముల తొమ్మిదివందల మంది ప్రాణములును పోయెను.

మన రేవునకు మరింత దగ్గరి కథ 1971 నాటిది. 1970 డిసెంబరు ఎన్నికలలో పాకిస్తాను జాతీయసభయందలి 300 సాధారణ స్థానములలో 160 తూర్పు పాకిస్తాను పక్షమగు అవామీ లీగునకు దక్కెను. ఓటులో తేలిన ఆ తీర్పును సైనికపాలకుడు యాహ్యా ఖాన్ అంగీకరింపక, 1971 మార్చి 1న సభను వాయిదావేసి, 25వ తేదీ రాత్రి ఢాకాపై సైన్యమును విడిచెను. అది మూలమున ఆ దేశముయొక్క ఇంటి తగవు. దానిని పాలకవర్గము భారతదేశపు కుట్రగా తన ప్రజలకు చూపెను. ఇంతలో కోటిమంది కాందిశీకులు మన సరిహద్దు దాటివచ్చుటచేత ఆ తగవు మన యింటికిని వచ్చెను. నవంబరు 14న, యుద్ధప్రకటన లేకమునుపే, ఘాజీ యను పాకిస్తాను జలాంతర్గామి కరాచీనుండి బయలుదేరి, ద్వీపకల్పమంతయు చుట్టి, విక్రాంత్ అను మన విమానవాహక నౌకను వెదకుచు బంగాళాఖాతమున ప్రవేశించెను. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట, విశాఖ వెలుపలి నీటిలో అది ప్రేలి మునిగిపోయెను. రాజ్‌పుత్ నౌక విడిచిన, నీటిలోపల ప్రేలు గుండ్లవలన అని మన నౌకాదళమును, లోపలి ప్రమాదమువలన అని పాకిస్తానును చెప్పుచుండును. ఏది యెట్లయినను, తొంబదిమందికి పైగా నావికులు అచ్చట సముద్రగర్భమున నున్నారు. ఓటు లెక్కను ఒప్పుకొనలేని యొక సేనాపతి పంతమునకు, ఆ నావికులు మూల్యము చెల్లించిరి. పదమూడు దినములకు ఢాకాలో సైన్యము లొంగిపోయెను, మరి నాలుగు దినములకు యాహ్యా ఖాన్ గద్దె దిగెను.

మన ప్రభుత్వము ఆ యుద్ధమును దృష్టిమరల్చుటకై కోరి తెచ్చుకొన్నదని నేను తలపను. కాని విజయమువలన వచ్చిన రాజకీయఫలము ఎంతకాలము నిలిచెనో ఆంధ్రదేశమున చూచిన తెలియును. 1972 మార్చి శాసనసభ ఎన్నికలలో కాంగ్రెసు 287 స్థానములలో 219 గెలిచెను. అంతకు ఏడాది మునుపు ప్రత్యేక తెలంగాణమును కోరిన తెలంగాణ ప్రజాసమితి లోకసభకు పది స్థానములు గెలిచిన వేడి పూర్తిగ చల్లారినట్లే యుండెను. కాని తెలంగాణ ఉద్యోగములలో స్థానికులకే అవకాశమిచ్చు ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు అక్టోబరు 3న తీర్పు చెప్పినంతనే కోస్తా, రాయలసీమలలో ప్రత్యేకాంధ్ర రాష్ట్రమును కోరు జై ఆంధ్ర ఉద్యమము రేగెను. గుమాస్తాలు ఆఫీసులు విడిచిరి, విద్యార్థులు తరగతులు విడిచిరి, కాల్పులు జరిగెను. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు మంత్రివర్గము పోయి రాష్ట్రపతి పాలన వచ్చెను. ఢాకా విజయోత్సవమునుండి అప్పటికి గడచినది పదమూడు మాసములు మాత్రమే!

అంతకు మునుపును ఇదే జరిగెను. 1965 సెప్టెంబరులో పాకిస్తానుతో యుద్ధము ముగిసిన యేడాదికి, ఉక్కు కర్మాగారము విశాఖకు రాదను భయము పుట్టగానే, 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చుండెను. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అను నినాదము ఊరూర మ్రోగెను. నవంబరు 1న, రాష్ట్రావతరణ దినముననే, విశాఖలో కాల్పులు జరిగెను. రాష్ట్రమంతట 32 మంది బలియైరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిన పిమ్మటను నిధులు లేక ఏండ్ల తరబడి ఆ స్థలము ముళ్ళచెట్ల పాలయ్యెను. చివరకు 1992 ఆగస్టు 1న ఆ కర్మాగారమును జాతికి అంకితము చేసినది, 1973లో పదవి కోల్పోయిన ఆ నరసింహారావుగారే. నడుమ ఎన్ని యుద్ధములు వచ్చినను, కొలిమి వెలుగువరకు ఈ ప్రాంతపు ప్రజలు ఆ కోరికను మరువలేదు.

ఇచ్చట పాఠకులు ఒక తేదీని గమనింపవలెనని నా ప్రార్థన. చైనా దాడి సందర్భమున 1962 అక్టోబరు 26న ప్రకటింపబడిన అత్యవసర పరిస్థితి, ఆ యుద్ధము నెలలోపలనే ఆగిపోయినను, 1968 జనవరివరకు కొనసాగెను. అనగా ఉక్కు ఉద్యమమున తుపాకులు ప్రేలిన దినమున దేశము, చట్టముదృష్టిలో, ఇంకను చైనాతో యుద్ధకాలముననే యుండెను. అట్లే 1971 డిసెంబరు 3న ప్రకటింపబడినది 1977 మార్చివరకు నిలిచెను. జై ఆంధ్ర ఉద్యమము దాని నీడలోనే నడచెను. 1975 జూనులో మరియొకటి దానిమీద చేరెను. పాలకుడు యుద్ధముపేరు చెప్పి ప్రజల కన్నులను మరల్చునని మనము భయపడుచున్నాము. కన్నులు కొలది మాసములలో ఇంటివైపునకే తిరిగివచ్చునని మన చరిత్రయే చెప్పుచున్నది. తిరిగిరానిది యుద్ధకాలమున ఇచ్చివేసిన అధికారము. ఎవరి దుష్టసంకల్పమును లేకున్నను, నిజమైన యుద్ధమున సద్బుద్ధితో ఇచ్చినదైనను, అది ఫిరంగులు మౌనము వహించిన పిమ్మట ఏండ్లకొలది పాలకుని చేత నిలిచియుండును. నిర్బంధింపబడినవాడు ఏ కోర్టుతలుపు తట్టవలెనో తెలియక యుండును. దృష్టిమరల్చుటను గూర్చి వ్రాసిన పండితులు ఈ విషయమున ఇంకను ఎక్కువ శ్రద్ధ చూపియుండవలసినదని నా అభిప్రాయము. ఆ అధికారమునకు కళ్ళెముగ 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణచేత, మంత్రివర్గపు లిఖితపూర్వక సలహా లేనిదే అత్యవసర పరిస్థితి ప్రకటింపరాదనియు, నెలలోపల పార్లమెంటు ఆమోదము పొందవలెననియు, ఆరేసి మాసములకు మరల ఆమోదము కావలెననియు నియమములు ఏర్పడెను.

నిజమైన సన్నాహమును వట్టి బెదరింపునుండి సామాన్యుడు ఎట్లు వేరుపరచగలడని కొందరు అడుగుదురు. విశాఖలోనే దానికి చిత్రమైన జవాబొకటి కలదు. 1971లో తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్, విక్రాంత్‌ను నిశ్శబ్దముగ అండమాను దీవులవైపు దాచి, అది విశాఖలోనే యున్నదని శత్రువు నమ్మునట్లు, ఊరి వర్తకులవద్ద పెద్ద నౌకకు సరిపడునంత సరకులు తెప్పించి, రేడియో సందేశములు పంపించి, వదంతి పుట్టించెను. బజారులో వినబడినది అబద్ధము. నిజము మాటలేక దూరమున నుండెను. ఆ మోసము శత్రువునకై పన్నినది గనుక, యుద్ధము ముగిసిన పిమ్మట ఆయనయే దానిని తన జ్ఞాపకములలో విప్పి చెప్పగలిగెను. స్వప్రజలకై పన్నిన మోసమును విప్పి చెప్పిన పాలకుని పేరు నేనెచ్చటను చదువలేదు.

ఘాజీ మునిగిన ఆ రాత్రి ప్రేలుడునకు సముద్రతీరమున కిటికీలు కదలెను. ఎవరికిని కారణము తెలియలేదు. తెల్లవారిన పిమ్మట వేటకు పోయిన జాలరులు నీటిమీద తేలుచున్న నూనెను, శకలములను చూచి, ఒడ్డునకు తెచ్చి, నౌకాదళమువారికి చూపిరి.