మూర్ఛమందులు - కాలేయ రక్షణము



మనము మ్రింగిన మందు నెత్తురులో కలిసి మెదడును చేరును. పిదప దానిని విఱిచి వెలుపలికి పంపు పని చాలవఱకు కాలేయమునదే. ఫెనిటాయిన్, కార్బమజెపీన్, వాల్‌ప్రోయేట్ మొదలగు మూర్ఛమందులు కొందఱి కాలేయమును చెఱచును. వీనిలో వాల్‌ప్రోయేట్ చరిత్ర వింతయైనది. 1882లో చేయబడిన యా పదార్థమును చాలకాలము ఇతర ద్రవ్యములను కరగించుటకే వాడిరి. 1962లో ఫ్రాన్సు దేశమందలి గ్రెనోబుల్ నగరమున పియెర్ ఎమార్ దానికే మూర్ఛ నణచు గుణము కలదని కనుగొనెను. దీనివలన కాలేయము మిక్కిలిగా చెడుట అరుదు. చెడినచో తఱచుగా మొదటి ఆఱు మాసములలోనే. రెండేండ్లలోపు పసివారికి, అందును పలుమందులు కలిపి యిచ్చునప్పుడు, అపాయము హెచ్చు.

రక్తపరీక్షలో అంకెలు కొంచెము పెరిగినంతనే బెదరనక్కఱలేదు. అన్నము సహింపమి, వాంతులు, మితిమీరిన మగత, అణగిన మూర్ఛ మరల వచ్చుట - ఇవి కామెర్లకంటె ముందే కానవచ్చును. కన్ను పచ్చబడువఱకు కాచుకొనక, నాడే వైద్యునికి చూపవలెను.

కామెర్లన్నంతనే పసరు పోసి, తినుచున్న మందు మాన్పించువారు కలరు. ఆకుమందుల నన్నిటిని నేను తూలనాడుట లేదు. కాని వానిలో కొన్ని కాలేయమునకే చేటు. మూర్ఛమందు హఠాత్తుగా మానినచో ఎడతెగని మూర్ఛలు వచ్చి ప్రాణము మీదికి రావచ్చును. మార్చుటయో మానుటయో వైద్యుడే నిర్ణయింపవలెను. పోవునప్పుడు మందుచీట్లన్నియు వెంట కొనిపోవుడు. పసరు త్రాగించియున్నచో ఆ మాటయు దాపకుడు.