ఆడేది ఎవరు, ఆడించేది ఎవరు?

వృత్తి క్రీడల్లో మనకు కనపడేది ఆటగాడొక్కడే. ఎవర్ని తీసుకోవాలి, ఎంత జీతమివ్వాలి, ఎవర్ని వదిలించుకోవాలి అన్నది తేల్చేది మాత్రం ఆఫీసులో కూర్చున్న జనరల్ మేనేజర్. అసలు అధికారం ఆ కుర్చీది.

అమెరికా బేస్‌బాల్‌నే చూడండి. 1947లో జాకీ రాబిన్సన్‌ రాకతో మైదానంలో వర్ణ నిషేధం బద్దలైంది. ఆఫీసులోకి రావడానికి ఇంకో 29 ఏళ్లు పట్టింది. 1976లో అట్లాంటా బ్రేవ్స్‌లో బిల్ లూకాస్ ఆ బాధ్యత చేపట్టాడు. పని జనరల్ మేనేజర్‌ది, హోదా పేరు మాత్రం వేరు!

1987లో, రాబిన్సన్ ఆడిన డాడ్జర్స్ జట్టు అధికారే, ఆల్ కాంపానిస్, నల్లవాళ్లకు ఆ పదవులకు కావలసిన అర్హతలు లేవేమోనని టీవీలో అన్నాడు. ఉద్యోగం ఊడింది. కానీ ఆ 'మెరిట్' మాట మనకు కొత్తదా? బాలూ పల్వంకర్ బౌలింగ్ హిందూ జట్టుకు కావాల్సొచ్చింది, అతని కెప్టెన్సీ అక్కర్లేకపోయింది.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగు 2003లో 'రూనీ నిబంధన' తెచ్చింది. హెడ్ కోచ్ ఖాళీకి ఒక్క మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చెయ్యాలన్నది అప్పటి షరతు. 2009లో దాన్ని జనరల్ మేనేజర్ పదవికీ వర్తింపజేశారు. ఇది పిలుపుకే హామీ, ఉద్యోగానికి కాదు.

అందుకే మన పిల్లలకు మైదానమొక్కటే చాలదు. లెక్కలు, చట్టం, కాంట్రాక్టులు నేర్చి ఆ గదిలోనూ వాటా అడగాలి.