కూరల సంచీ నేర్పిన కొత్త లెక్కలు

"ఈ పూట ఏం కూర?" తెలుగింటి ఇల్లాలు రోజూ వినే ప్రశ్న ఇది. దీనికి జవాబు చాలావరకు వీధిలోంచి వచ్చే కేకలో ఉండేది. "తోటకూరోయ్" అని వినపడితే ఆ పూట పప్పులోకి తోటకూర, "దొండకాయలమ్మా" అంటే దొండకాయ వేపుడు. పచారీ సామాను నెలకోసారి, కూరలు రోజుకోసారి... మన అలవాటు అదీ.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ వచ్చేసరికి ఆ అలవాటుకి గండి పడింది. పొద్దున కొన్ని గంటలే కొట్లు తీసేవారు. ఇంటికి ఒక్కరే రావాలన్నారు. చాలా ఊళ్లలో రైతు బజార్లను స్కూలు గ్రౌండ్లలోకి మార్చి, నేలమీద సున్నంతో గళ్లు గీసి మనుషుల్ని నిలబెట్టారు. 2021లో రెండోసారి కరోనా విజృంభించినప్పుడూ అంతే. మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాకా, మే 12 నుంచి తెలంగాణలో పొద్దున 10 దాకానే బజారు.

ఆ రోజులు పోయాయి. మాస్కులు బీరువాల అడుగుకి చేరాయి. కానీ అప్పుడు పట్టుబడిన కొన్ని అలవాట్లు మన వంటింట్లో ఇంకా ఉన్నాయి. వాటిలో ఉంచుకోవలసినవేవి, వదులుకోవలసినవేవి?

ఏది ముందు, ఏది వెనక

వారానికి సరిపడా కూరలు ఒక్కసారే తెస్తే సగం కుళ్లిపోతాయని మొదట్లో అందరం భయపడ్డాం. అసలు కిటుకు వండే వరసలో ఉందని మెల్లగా తెలిసింది. మొదటి రెండు రోజులూ ఆకుకూరలు. తర్వాత బెండ, బీర, వంకాయ. ఆ తర్వాత క్యాబేజీ, క్యారెట్, ఆనపకాయ. చివరికి కంద, చేమ, బంగాళదుంప, గుమ్మడికాయ. కొయ్యని గుమ్మడికాయ గాలి తగిలేచోట పెడితే వారాలు నిలవుంటుంది.

ఆకుకూర తెచ్చిన వెంటనే వేళ్లు కోసి, పాడైన ఆకు ఏరేసి, పొడి నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఆగుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడిగుడ్డ కప్పి నీడన పెట్టి మర్నాటికి వాడేసుకోవాలి. పచ్చిమిర్చికి తొడిమలు తీసెయ్యాలి. బెండకాయలు తడి లేకుండా దాచాలి. ఉల్లిపాయలూ బంగాళదుంపలూ ఒకే బుట్టలో వెయ్యకూడదు, దుంపలు తొందరగా మొలకలొస్తాయి. టమాటాల్లో సగం పండినవి, సగం దోరవి ఏరుకుంటే వారమంతా సరిపోతాయి.

కూరలే లేని రోజున మన పెద్దవాళ్ల వంటలు ఆదుకున్నాయి. కందిపచ్చడి, పచ్చిపులుసు, మజ్జిగపులుసు, మామిడి ఒరుగుల పప్పు, మొలకెత్తిన పెసల కూర. వడియాలూ చల్లమిరపకాయలూ పాతకాలపు వ్యవహారమని తీసిపారేసిన ఇళ్లలో కూడా ఆ వేసవిలో డాబాల మీద చీరలు పరిచారు. ఈ అలవాటు మాత్రం తప్పక ఉంచుకోవలసిందే.

కడగడంలో అతి

అప్పట్లో కూరల్ని సబ్బునీళ్లలో ముంచినవాళ్లూ, సర్ఫ్ నురగలో ద్రాక్షపళ్లు కడిగినవాళ్లూ ఎంతమందో! పాల ప్యాకెట్ పైన కడిగితే నష్టం లేదు. కానీ కాయగూరలకీ పళ్లకీ సబ్బు వాడొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఆనాడే చెప్పింది. సబ్బు తినే వస్తువు కాదు, కడిగినా కొంత మిగిలిపోవచ్చు. కరోనా ముఖ్యంగా గాలి ద్వారా, మనిషి నుంచి మనిషికి అంటుకునేది.

బజారులో ప్రమాదం కూరల్లో కన్నా గుంపులో ఉందనడానికి చెన్నై కోయంబేడు మార్కెట్టే సాక్ష్యం. 2020 ఏప్రిల్ చివర్లో అక్కడ కేసులు బయటపడ్డాయి. మే 5న మార్కెట్ మూసేశారు. అక్కడికి సరుకు పనిమీద వెళ్లొచ్చినవారి వల్ల మన చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లోనూ కేసులు తేలాయి. కాబట్టి సబ్బు గిన్నె పక్కన పెట్టండి. మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగడం, బయటినుంచి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం ఎప్పటికీ మంచిదే.

సంచీ చేతులు మారింది

ఇంటికొక్కరే అనేసరికి చాలా ఇళ్లలో మగవారు సంచీ పట్టుకుని బయల్దేరారు. మావారు మొదటిరోజు తెచ్చిన బెండకాయలు ఒక్కోటి కత్తికి కూడా లొంగలేదు! బెండకాయ కొస విరిస్తే టప్పున విరగాలనీ, ఆనపకాయకి గోరు సులువుగా దిగాలనీ, వంకాయ తొడిమ పచ్చగా ఉండాలనీ ఫోన్లో పాఠాలు చెప్పాల్సి వచ్చింది. "ఇంత ఉందా దీన్లో!" అన్నారాయన. ఉంది మరి. మనం రోజూ పది నిమిషాల్లో ముగించే పని వెనక ఏళ్ల తరబడి నేర్చిన విద్య ఉంది. లాక్‌డౌన్ అయిపోగానే సంచీ మళ్లీ మన చేతికే వచ్చిన ఇళ్లు ఎక్కువ. కనీసం మన మగపిల్లలకైనా ఈ విద్య నేర్పుదామా?

ఎక్కువ కొంటే ఎవరికి తక్కువ?

లాక్‌డౌన్ మాట వినగానే చేతిలో డబ్బున్నవాళ్లం రెండు నెలల కందిపప్పు ఒక్కసారే తెచ్చుకున్నాం. ఏ రోజు కూలితో ఆ రోజు కొనుక్కునే మనిషి సాయంత్రం కొట్టుకొస్తే డబ్బా ఖాళీ, లేదా ధర ఎక్కువ. ఆహార భద్రత కార్డులున్నవారికి 2020 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకి అదనంగా 5 కిలోల ధాన్యం ఉచితంగా ఇచ్చారు కాబట్టి సరిపోయింది. కార్డు లేక, సొంతూరు చేరలేక దారుల్లో నడిచినవాళ్ల సంగతి మనం చూడనిది కాదు. మళ్లీ ఏ తుఫానో, ఏ జబ్బో వచ్చినప్పుడు వారం రోజులకి సరిపడా తెచ్చుకోవడం ముందుచూపు. రెండు నెలలకి తెచ్చుకోవడం పక్కవాళ్ల కంచంలోంచి తీసుకోవడమే.

ఆకుకూరలమ్మ మాట

ఇక అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసిన మాట మా వీధికి గంప ఎత్తుకొచ్చే ఆవిడది. ఆంక్షలు సడలించాక ఒకరోజు వచ్చి గంప దించింది. "వారానికి సరిపడా తెచ్చేసుకున్నాం, ఇప్పుడొద్దమ్మా" అన్నాను.

"మీరంతా వారానికోపాలి కొనుక్కుంటే మిగతా ఆర్రోజులు మేం ఏం తినాలండీ అమ్మగారూ? ఆకుకూర వారం నిలవుంటదా? మా బేరమూ అంతేనండి" అంది. కోపంగా కాదు, మామూలుగానే.

2020 జూన్‌లో కేంద్రం వీధి వ్యాపారులకి పదివేల రూపాయల అప్పు పథకం పెట్టింది. అప్పుతో సరుకు తెచ్చుకోవచ్చు. కానీ కొనేవాళ్లు కిటికీలు మూసుకుని, ఫోన్లో ఆర్డర్లిచ్చుకుంటుంటే ఆ సరుకు ఎవరికి అమ్మాలి? గంపమీద కట్ట తోటకూర కొనేటప్పుడు రెండ్రూపాయల కోసం గీచి గీచి బేరమాడే మనం, యాప్‌లో డెలివరీ చార్జీ మాత్రం మాట్లాడకుండా కట్టేస్తాం.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. ఉల్లి, దుంపలు, గుమ్మడి, క్యాబేజీ లాంటివి వారానికోసారి రైతు బజారు నుంచి. ఆకుకూరలు, కరివేపాకు, నిమ్మకాయలు, ఆ పూటకి లేతగా కావలసినవి గంపమీదే, రెండు రోజులకోసారి. ఫ్రిజ్‌లో వాడిపోయే కట్టలు తగ్గాయి, కూర రుచీ పెరిగింది. ఏ రోజు వస్తావో చెప్పమని ఆవిడనే అడిగాను. మంగళ, గురు, శనివారాలని చెప్పింది. ఆ మూడు రోజులూ మా వరసలో నాలుగిళ్లవాళ్లం ఆమె దగ్గరే కొంటున్నాం.

మీ వీధికి వచ్చే ఆమెనీ ఒకసారి అడిగి చూడండి.