మార్పు చేసిన ట్రాక్టరు ఇంజనుకు పుష్‌రాడ్ ఎంపిక

ట్రాక్టరు డీజిల్ ఇంజనులో కామ్ కదలికను రాకర్‌కు చేరవేసే కడ్డీ పుష్‌రాడ్. మరమ్మతులో సిలిండర్ హెడ్ తలాన్ని చెక్కినా, వాల్వు సీటును లోతుగా కోసినా ఈ కడ్డీకి ఉండే చోటు తగ్గుతుంది. సర్దుబాటు స్క్రూ పరిధి చాలకపోతే వాల్వు పూర్తిగా మూతపడదు. కంప్రెషన్ తగ్గి, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది.

పొడవు: కంప్రెషన్ దశలో పిస్టన్ పైకొనకు చేరినపుడు, స్క్రూను పరిధి మధ్యలో నిలిపి, తయారీదారు సూచించిన వాల్వు ఖాళీ వచ్చే పొడవును సర్దుబాటు చేయగల కొలత కడ్డీతో నిర్ధారించాలి.

పదార్థం: అల్యూమినియం తేలికైనా దాని దృఢత్వం ఉక్కులో సుమారు మూడో వంతే, వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచించి, పోత ఇనుప ఇంజనులో వాల్వు ఖాళీని తగ్గిస్తుంది. గట్టి స్ప్రింగులు అమర్చినపుడు మందమైన క్రోమ్-మాలిబ్డినం ఉక్కు గొట్టం అనువైనది.

దుక్కుల అదనులో ఇంజను ఆగకూడదంటే, హెడ్ చెక్కించిన ప్రతిసారీ ఈ కొలతను సరిచూడాలి.