శిశువునకు పడక యెచ్చట?

ఇంట బిడ్డ పుట్టినతోడనే పెద్దలలో మొదట పుట్టు తగవు పేరును గూర్చినదని తలంతుము. నిజమునకు దానికంటె ముందే మఱియొకటి పుట్టును. ఆ రాత్రి బిడ్డను ఎచ్చట పరుండబెట్టవలయుననునదే యది. పేరునకు బారసాలవఱకు వ్యవధి కలదు; పడకకు ప్రొద్దుగ్రుంకువఱకే వ్యవధి.

మొన్నటి వేసవిలో నా చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చినది. ఆడుపిల్ల కలిగినది. మా యమ్మ దూలమునకు పాతచీర కట్టి ఉయ్యాల సిద్ధము చేసినది. మా నాయనమ్మ "పసిగుడ్డు తల్లి ప్రక్కలో గాక మఱెక్కడ నుండును?" అన్నది. మఱది కొయ్యతొట్టి యొకటి కొనితెచ్చి, బిడ్డకు ఒంటరిగా నిద్రించుట తొలినుండియు అలవాటు కావలెనని దానిని ప్రక్కగదిలో వేయించినాడు. ముగ్గురును బిడ్డమేలు కోరినవారే. ఎవరి మాట కాదన్నను వారికి కోపము వచ్చునని వెఱచి, బాలింత మూడు రాత్రులు మూడు తీరుల గడపినది.

మూడవ రాత్రి తొట్టి వంతు. మాటిమాటికి ప్రక్కగదికి పోవలేక, ఆమె ఆ తొట్టికడనే పడకకుర్చీలో కూర్చుండి పాలిచ్చుచు తెల్లవారుజామున కునికినది. బిడ్డ ఒడినుండి జాఱి, తల్లి మోచేతికిని కుర్చీబట్టకును నడుమ మొగము ఒత్తుకొని యుండగా, మంచినీళ్ళకు లేచిన నాయనమ్మ చూచి చటుక్కున ఎత్తుకొన్నది. బిడ్డ కెవ్వున నేడ్చినది. ఆ యేడుపు విన్న పిదపగాని మాకు ఊపిరి ఆడలేదు.

అప్పుడు నేను మన పూర్వులు వ్రాసినదియు నేటి వైద్యులు చెప్పునదియు కలిపి చూచితిని. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున శిశువు గదిని గూర్చిన నియమములు కలవు. ఆ గది చీకటిగా నుండరాదు. గాలి సూటిగా కొట్టరాదు గాని యొకవైపున ఆడుచుండవలయును. ఎలుకలు, పురుగులు చేరరాదు. చెమటయు మూత్రమును అంటిన బట్టలు తీసివేయవలయును. వేఱు లేనిచో వానినే ఉతికి, ధూపము వేసి, ఆరబెట్టి వాడవలయును. కావున తలుపులు, కిటికీలు బిగించి పురిటిగదిని చీకటికొట్టు చేయుట శాస్త్రము కాదు, వట్టి వాడుక మాత్రమే. పడక మెత్తగా నుండవలెనని ఆ గ్రంథము చెప్పినదానిని మాత్రము నేడు సవరించుకొనవలసి యున్నది. దూదిపఱుపులో మొగము కూరుకొనిపోయినచో, తల త్రిప్పుకొను బలము లేని బిడ్డకు ఊపిరి సలుపదు.

అమెరికాలో వెనుక శిశువులను బోర్ల పరుండబెట్టు వాడుక యుండెడిది. 1994లో అచ్చట శిశువులను వెల్లకిల పరుండబెట్టుడని ప్రచారము మొదలుపెట్టిరి. పిమ్మటి సంవత్సరములలో, నిద్రలో కారణము తెలియక హఠాత్తుగా సంభవించు శిశుమరణములు సగమునకు పైగా తగ్గినవి. 2022లో అచ్చటి శిశువైద్యుల అకాడమీ చెప్పినదేమనగా, బిడ్డను గట్టిదియు సమమైనదియునగు పడకపై వెల్లకిల పరుండబెట్టవలయును. కనీసము 6 నెలలవఱకు ఆ పడక తల్లిదండ్రుల గదిలోనే, కాని వేఱుగా నుండుట మేలు.

ఈ కొలతతో మా యింటి మూడు పక్షములను కొలిచితిమి. చీర ఉయ్యాలలో బట్ట క్రిందికి వ్రేలాడి బిడ్డ వీపు వంగును. గడ్డము ఱొమ్మునకు ఆనినచో ఊపిరిత్రోవ ఇఱుకగును. బట్ట అంచులు మొగముపై మూసికొనవచ్చును. కావున పగటివేళ పెద్దల కన్ను ఉన్నంతసేపు ఊపవచ్చును గాని, రాత్రియంతయు అందుంచరాదు. కుంగిన నులకమంచమునకును ఇదే దోషము కలదు.

తల్లి ప్రక్కలో పరుండబెట్టుట మన దేశమున అనాదిగా నున్నది. జాగ్రత్తతో చేయవచ్చునని చెప్పు వైద్యులును కలరు. కాని తల్లిదండ్రులలో ఎవరైనను పొగ త్రాగువారైనను, మద్యము గాని నిద్రమందు గాని పుచ్చుకొన్నను, బిడ్డ నెలలు నిండక పుట్టినను, 2.5 కిలోలకు తక్కువ తూగినను అది తగదు. ఇక పడకకుర్చీ, సోఫాలలో బిడ్డతో నిద్రపోవుట అన్నిటికంటె అపాయకరము. కునుకు వచ్చునని తోచినపుడు, కుర్చీకంటె దిండ్లు, దుప్పట్లు తీసివేసిన మంచముపై పాలిచ్చుట మేలు.

ప్రక్కగది తొట్టియందు దోషము తొట్టిది కాదు, దూరముది. ఆ దూరమే అలసిన తల్లిని కుర్చీ పాలు చేసినది. కావున తొట్టిని తెచ్చి చెల్లెలి మంచము చెంత, చేయి చాపిన అందునట్లు వేసితిమి. అందలి ఆవాలదిండును, బొమ్మలను, బొంతను తీసివేసి, ఒక్క దుప్పటిని బిగువుగా పఱచితిమి. తల్లి చెంతనే యున్నదని నాయనమ్మయు, తొట్టి వ్యర్థము కాలేదని మఱదియు, పగటి ఉయ్యాల దక్కినదని అమ్మయు సంతసించిరి.

తొట్టి కొనలేని వారు చింతింపనక్కఱలేదు. తల్లి చాప ప్రక్కన వేఱొక చాప వేసి, దానిపై ముడుతలు లేకుండ పలుచని బొంత పఱచినచో చాలును. దోమతెర బిగువుగా కట్టవలయును. అది బిడ్డమీద వ్రేలాడరాదు. దోమలచుట్ట పొగయు, సాంబ్రాణి పొగయు పసిఱొమ్మునకు మంచివి కావు. బిడ్డ మెడ వెనుక తాకి చూచినపుడు చెమట తగిలినచో బట్టలు ఎక్కువైనవని తెలిసికొనవలయును. నెలలు నిండని శిశువును తల్లి ఱొమ్మున ఆనించి కాపాడు పద్ధతి యొకటి కలదు. దానిని వైద్యులవద్ద నేర్చి చేయవలయును.

సోదరీమణులారా! పడక యెచ్చటనో పురిటికి ముందే నిర్ణయించుకొనుడు. నొప్పులుపడి, నిద్రలేక యున్న బాలింతపై ఆ భారము వేయకుడు. పాలిచ్చిన పిదప బిడ్డను అందుకొని పడకపై చేర్చుటకు ఇంటివారిలో ఒకరు మేలుకొనునట్లు వంతులు పెట్టుకొనుడు. చెల్లెలు అత్తవారింటికి పోవువఱకు నాయనమ్మ రాత్రి ఒకమారు లేచి, తొట్టిలోనికి వంగి చూచి పోవుచుండెడిది. ఆ యలవాటును మాన్పింపవలెనని మాలో ఎవరికిని తోచలేదు.