పసిపిల్లల మందులు: ఇంటిలో పాటింపవలసిన కొలతలు

వైద్యుని చీటీ లేకుండగనే మందులంగడిలో అడిగి తెచ్చుకొను మందులు కొన్ని కలవు. జ్వరమునకు పారాసెటమాల్, విరేచనములకు ఓ.ఆర్.ఎస్. పొడి, జలుబునకు ఏదో యొక సిరప్పు. ఇవి లేని యిల్లు నేడు అరుదు. అనంతపురము వంటి మెట్టసీమలో ఇందుకు కారణము లేకపోలేదు. రాయదుర్గము, కళ్యాణదుర్గము, ఉరవకొండ ప్రాంతముల మారుమూల గ్రామములనుండి పెద్దాసుపత్రికి చేరవలెనన్న చాల దూరము పోవలెను. అర్ధరాత్రివేళ బిడ్డ ఒడలు కాలిపోవుచుండగా గూటిలోనున్న మందుసీసాయే తల్లికి మొదటి ఆసరా. ఆ ఆసరా ఆపదగా మారకుండుటకు కావలసినది పెద్ద చదువు కాదు; కొలత.

ఈ సీమలో మరియొక విశేషము కలదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేల యిది. వేరుశనగ చేతికి రాని సంవత్సరమున అనేకులు బెంగుళూరు వంటి నగరములకు కూలికి వలసపోవుదురు. పిల్లలు ఇంటివద్ద అవ్వాతాతల సంరక్షణలో నుందురు. సీసామీది అక్షరములు ఇంగ్లీషువి, అవియును చీమలంత. అవ్వకు ప్రేమ కలదు, అనుభవము కలదు. ఆ అక్షరములు చదువుటకు మాత్రము వీలు లేదు. కావున ఈ ప్రసంగములోని విషయములను చదువగలవారు చదువలేనివారికి వినిపింపవలెనని మనవి.

మొట్టమొదట గ్రహింపవలసినది, బిడ్డ శరీరము పెద్దల శరీరమునకు కుదించిన రూపము కాదని. మందును విరిచి హానిలేకుండ చేయునది కాలేయము; బయటికి పంపునది మూత్రపిండములు. పసికందులలో ఈ రెండును ఇంకను పరిపక్వము చెందియుండవు. పెద్దలలో కొద్ది గంటలలో తొలగిపోవు మందు పసిబిడ్డలో అంతకంటె ఎక్కువసేపు నిలువవచ్చును. అందుచేత “పెద్దలకు ఒక మాత్ర, పిల్లలకు సగము” అను లెక్క శాస్త్రమునకు నిలువదు.

పారాసెటమాల్ సంగతి చూడుడు. బిడ్డకు ఒక్కసారి ఇయ్యదగిన మోతాదు బరువులో కిలోకు 10 మొదలు 15 మిల్లీగ్రాములు. అనగా 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు మించరాదు. ఇంతవరకు చిక్కులేదు, చిక్కంతయు సీసాలోనున్నది. ఈ ద్రవము మన అంగళ్లలో ముఖ్యముగా మూడు బలములలో లభించుచున్నది. చుక్కలమందులో ఒక్క మిల్లీలీటరునందే 100 మిల్లీగ్రాముల మందు ఉండును. ఒక రకపు సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, మరియొక రకములో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉండును. ఆ 10 కిలోల బిడ్డకే 150 మిల్లీగ్రాములు చేరుటకు చుక్కలమందైనచో ఒకటిన్నర మిల్లీలీటరు, మొదటి సిరప్పైనచో 6 మిల్లీలీటర్లు, రెండవదైనచో 3 మిల్లీలీటర్లు చాలును. క్రిందటిసారి సిరప్పు 6 మిల్లీలీటర్లు పోసిన గుర్తుతో ఈసారి చుక్కలమందును అంతే పోసినచో, నాలుగు మోతాదులు ఒక్క గ్రుక్కలో లోపలికి పోవును. సీసా పేరు ఒక్కటే, రంగు ఒక్కటే, బలము వేరు. అందుచేత కొనునప్పుడే “ఇది ఎంత బలముగలది? మా బిడ్డ బరువు ఇంత. ఎన్ని మిల్లీలీటర్లు పోయవలెను?” అని అడిగి తెలిసికొనవలెను.

మాత్రలను విరిచి ఇచ్చుట ఇంకను ప్రమాదకరము. పెద్దల జ్వరపు మాత్రలలో 650 మిల్లీగ్రాములది బహుళ ప్రచారములోనున్నది. అందులో సగమనగా 325 మిల్లీగ్రాములు. అది పైన చెప్పిన బిడ్డకు చెల్లు మోతాదునకు రెట్టింపు దాటును. పారాసెటమాల్ మితిమీరిన యెడల కాలేయము చెడును. మొదటి దినమున బిడ్డ బాగుగనే ఆడుకొనుచుండవచ్చును. కీడు తరువాత బయటపడును. కావున ఎక్కువ పోసితిమని తెలిసిన క్షణముననే, బిడ్డ బాగుగ నున్నను, సీసాతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

బిడ్డ బరువు తెలియుట ఎట్లు? గ్రామములోని అంగన్‌వాడీ కేంద్రమున తూనిక కలదు. అక్కడ తూచి, తల్లీబిడ్డల కార్డులో వ్రాయించుకొనవచ్చును. ఈ కరవు నేలమీద వయసునకు తగిన బరువు లేని పిల్లలు తక్కువమంది కారు. అట్టి బిడ్డకు, పెట్టెమీద వయసునుబట్టి ముద్రించిన మోతాదు ఎక్కువ కావచ్చును. వయసుకంటె బరువే నమ్మదగిన ఆధారము.

తరువాతిది కొలపాత్ర. ఇంటిలోని చెంచాలు ఒకదానితో ఒకటి సమానమైనవి కావు. సీసాతో వచ్చిన గీతల మూతనో, చుక్కల గొట్టమునో, లేక సూదిలేని సిరంజినో వాడవలెను. చదువురాని అవ్వ చేతికి మందు అప్పగించునపుడు, ఎంతవరకు పోయవలెనో ఆ గీతకు రంగుదారము కట్టియో, చెరగని సిరాతో గుర్తుపెట్టియో ఇయ్యవలెను. ఒక సీసాకు పెట్టిన గుర్తు మరియొక సీసాకు చెల్లదు. పోయుటకు ముందు సీసాను బాగుగ కుదుపవలెను. లేనిచో పైన నీరును అడుగున మందును నిలిచి, మొదటి మోతాదు పలుచనై, చివరి మోతాదు చిక్కనగును. బిడ్డను పడుకోబెట్టి, ముక్కు మూసి, గొంతులో పోయరాదు. ఒడిలో కూర్చుండబెట్టి, బుగ్గలోపలి ప్రక్కకు కొద్దికొద్దిగా విడువవలెను.

మూడవది కాలము. పారాసెటమాల్ ఆరు గంటలకొకమారు, దినమునకు నాలుగుమార్లకు మించకుండ ఇయ్యవచ్చును. తల్లి యొకసారి, తెలియక అవ్వ మరియొకసారి పోయుట తరచు జరుగు పొరపాటు. గోడమీద వ్రేలాడు క్యాలెండరుపై గీత గీచినను చాలును. జలుబు మందులనేకములలో పారాసెటమాల్ కలిసియే యుండును. జ్వరపు మందును జలుబు మందును కలిపి ఇచ్చినచో ఒకే మందు రెండుమార్లు పడినట్లగును. మూడునెలలు నిండని పసికందుకు జ్వరము, అనగా 100.4 డిగ్రీలు లేక అంతకు పైన, వచ్చినచో ఇంటి మందు ఇచ్చి వేచియుండరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. ఆస్పిరిన్ పిల్లల జ్వరమునకు వాడరాదు. అరుదుగానైనను మెదడును కాలేయమును దెబ్బతీయు రై అను వ్యాధి దానివలన రావచ్చును. నిమెసులైడ్ అను మందును 12 ఏండ్లలోపు పిల్లలకు వాడుటను భారత ప్రభుత్వము 2011లో నిషేధించినది. అట్టపై ఎర్రని నిలువుగీత యున్న మందును చీటీ లేకుండ కొననేరాదు; నిరుడు మిగిలినదానిని మరల వాడనురాదు.

ఇక జలుబు, దగ్గు మందుల సంగతి వేరు. జ్వరపు మందునకు సరియైన కొలత యొకటి కలదు. చిన్నబిడ్డల విషయమున ఈ దగ్గుమందులకు సరియైన కొలత సున్నయే. సాధారణమైన జలుబు కొన్ని దినములలో తనంతట తాను తగ్గును. ఈ సిరప్పులు దానిని త్వరపెట్టవు. వానిలోని కొన్ని మందులు బిడ్డను మగతలో ముంచును. కొన్ని గుండెవేగమును పెంచును. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని పెట్టెమీద ముద్రింపవలెనని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించినది. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇయ్యరాదనియు, ఐదేండ్లలోపు వారికి సాధారణముగా అవసరము లేదనియు 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేటు ప్రకటించినది.

ఆ ప్రకటన వెనుక ఘోరమైన విషాదము కలదు. 2025లో మధ్యప్రదేశములోని ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు త్రాగిన పసిపిల్లలు 20 మందికి పైగా మూత్రపిండములు చెడి మరణించిరి. తమిళనాడులో తయారైన కోల్డ్రిఫ్ అను ఆ సిరప్పులో డైఎథిలీన్ గ్లైకాల్ అను విషద్రవము నూటికి 48 పాళ్లకు పైగా నున్నట్లు పరీక్షలో తేలినది. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖయు ఆ సిరప్పు వాడవద్దని ప్రజలను హెచ్చరించినది. ఇది మొదటిసారి కాదు. 1937లో అమెరికాలో ఇదే ద్రవము కలిసిన మందువలన నూరుగురికి పైగా మరణించిరి. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో అనేకమంది పిల్లలు ఇట్టి కారణముననే అసువులు బాసిరి. నీటిలో సులభముగ కరగని మందులను కరగించుటకు గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ద్రవములను వాడుదురు. వానికి బదులు కర్మాగారములలో వాడు చౌకరకపు ద్రవము చేరినను, ఆ తీపిలో, ఆ రంగులో తల్లి కనిపెట్టలేదు. ఆ పరీక్ష జరుపవలసినవారు తయారీదారులును ప్రభుత్వమును. తల్లి చేతిలోనున్న రక్షణ యొక్కటే: అవసరములేని సిరప్పు బిడ్డ నోటికి చేరకుండ చూచుట.

మరి దగ్గునకేమి చేయవలెను? ఏడాది దాటిన బిడ్డకు పడుకొనుటకు ముందు అరచెంచా తేనె ఇయ్యవచ్చును. ఏడాదిలోపు వారికి తేనె తగదు, బొట్యులిజము అను ప్రమాదకరమైన వ్యాధి రావచ్చును. ముక్కు మూసికొనిపోయినచో ఉప్పునీటి చుక్కలు చాలును. ఆముదముగాని, మరియే నూనెగాని ముక్కులోను గొంతులోను పోయు అలవాటు మానవలెను. నూనె ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా కలుగును.

చివరిది, మన ఎండలసీమకు మిక్కిలి ముఖ్యమైనది, విరేచనముల మందు. విరేచనములలో బిడ్డను చంపునది చాలవరకు నీటికొరత. దానికి విరుగుడు ఓ.ఆర్.ఎస్. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున కలరా చెలరేగినపుడు, సెలైను సీసాలు చాలక, వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీటిని త్రాగించి వేలమంది ప్రాణములు నిలిపెను. ఇందునను కొలతయే ప్రాణము. పెద్ద పొట్లమునంతయు సరిగా ఒక లీటరు మంచినీటిలో కలుపవలెను. 200 మిల్లీలీటర్లకని వ్రాసియున్న చిన్న పొట్లమును అంతే నీటిలో కలుపవలెను. పెద్ద పొట్లమును గ్లాసెడు నీటిలో కలిపినచో ఉప్పు ఎక్కువై మూర్ఛలు రావచ్చును. నీరెక్కువైనచో గుణము తగ్గును. కలిపిన నీరు 24 గంటలు దాటినచో పారబోయవలెను. ప్రతి విరేచనము తరువాత రెండేండ్లలోపు బిడ్డకు 50 మొదలు 100, అంతకు పైబడినవారికి 100 మొదలు 200 మిల్లీలీటర్లు చెంచాతో పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములాగి, మరల మెల్లగా పట్టవలెను. తల్లిపాలు మానరాదు. దీనితోపాటు జింకు మాత్ర 14 దినములు ఇయ్యవలెను: రెండు మొదలు ఆరునెలల లోపు వారికి 10, ఆపై ఐదేండ్లవరకు 20 మిల్లీగ్రాములు. ఇవి ఆశా కార్యకర్తవద్దను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందును ఉచితముగ లభించును. విరేచనములను కట్టివేయు లోపెరమైడ్ వంటి మాత్రలు చిన్నపిల్లలకు ఇయ్యరాదు. ప్రేగుల కదలిక స్తంభింపవచ్చును.

ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకొనిన తీపి పానీయములు అంగళ్లలో చాలకాలము అమ్ముడుపోయినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రములో లీటరునకు గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. ఆ పానీయములలో చక్కెర దానికి పలురెట్లు అధికము. అట్టి చక్కెర ప్రేగులలోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై ఏండ్లతరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో, ఆ సూత్రమును పాటింపని పానీయములమీద ఓ.ఆర్.ఎస్. అను పేరు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించినది. కొనునపుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని పొట్లముమీద నున్నదా లేదా యని చూచుకొనవలెను.

మందును దాచుటయు నేర్వవలసినదే. చాల సీసాలపై 30 డిగ్రీలకు మించని చోట ఉంచుడని యుండును; మన వేసవి 40 డిగ్రీలు దాటును. రేకుల కప్పు క్రింద, కిటికీలో, పొయ్యి దాపున ఉంచక, లోపలి చల్లని చీకటి గదిలో, పిల్లలకందని యెత్తున పెట్టవలెను. మందును మిఠాయియని చెప్పి త్రాగించరాదు. ఆ మాట నమ్మిన బిడ్డ సీసా దొరకిననాడు అంతయు త్రాగును.

బిడ్డ పాలుగాని నీరుగాని త్రాగలేకున్నను, త్రాగినదంతయు కక్కుచున్నను, మూర్ఛ వచ్చినను, మత్తుగా పడియున్నను, ఊపిరి తీయునపుడు డొక్కలు లోనికి పోవుచున్నను, ఇంటి మందులకు కాలము చెల్లినదని తెలిసికొనవలెను. ఊపిరి లెక్కించుటయు సులభమే. బిడ్డ నెమ్మదిగా నున్నపుడు నిమిషమునకు రెండునెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేండ్లలోపు 40 లేక అంతకు మించినచో అది వట్టి జలుబు కాదు. 108కి ఫోను చేయవలెను. వాడిన సీసాలన్నియు వెంట తీసికొనిపోవలెను. ఏ మందు ఎంత పడినదో వైద్యునికి అవియే చెప్పును.

బరువు, బలము, కొలపాత్ర, వేళ. ఈ నాలుగును తెలియక మందు పోయుటకంటె, తెలిసికొనువరకు ఒక గడియ ఆగి, తడిగుడ్డతో ఒడలు తుడిచి, పాలో నీరో పట్టుచుండుట మేలు. తెలియనిచో అడుగుటకు ఆశా కార్యకర్త యున్నది, అంగన్‌వాడీ యున్నది, మందులంగడివారున్నారు. అడిగినవారికి పోవునదేమియు లేదు.